వాకిట్లో కట్టేసిన ప్రాణం

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగిపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. పట్టణంలో కాలనీలు మునిగాయి, రోడ్లు తెగిపోయాయి. ఇలాంటి వరద తీసిన తర్వాత పశునష్టం రాసుకునే కాగితాలు బయటికొస్తాయి. అప్పుడు అమల్లో ఉన్న విపత్తు సాయం నిబంధనల్లో ఒక్కో ప్రాణికి ఒక్కో లెక్క ఉంది. పాడి బర్రె లేదా ఆవు చనిపోతే 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకూ మేకకూ 4,000, కోడికి 100. కుక్కకు గడి లేదు, పిల్లికి లేదు. ఆ గడి పెట్టి పరిహారం ఇవ్వాలని అడగడం నా ఉద్దేశం కాదు. పాలో మాంసమో ఇచ్చే ప్రాణిని సర్కారు గుర్తుపడుతోంది, అదే వాకిట్లో రాత్రంతా కాపలా కాసే ప్రాణి మాత్రం దాని కంటికి ఆనడం లేదు. వరద లేని మామూలు రోజుల్లోనూ ఆ చూపు అంతే. చేతిలో పైసలు ఆడని కాలంలో పెంపుడు జంతువును ఎలా బతికించుకోవాలని అడిగితే ఇంతకాలం వస్తున్న జవాబు ఒక్కటే, అది మీ ఇంటి వ్యవహారం అని. ఆ జవాబు తప్పు. దానివల్ల నష్టపోతున్నది ఆ ఇల్లొక్కటే కాదు, ఊరంతా.

ఇక్కడ కుక్కను పెంచుతున్నది ఎవరో ముందు చూడాలి. పెంపుడు కుక్క అనగానే నగరంలో అపార్టుమెంటు, మెడకు రంగుపట్టీ గుర్తుకొస్తాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో బొమ్మ వేరు. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి మండలాల్లో ఊళ్లకూ తండాలకూ అడవి ఆనుకొనే ఉంటుంది. మక్కచేను కంకి పట్టిందంటే అడవిపందులు దిగుతాయి, కోతుల మందలు ఇళ్ల మీద పడతాయి, చిరుత వచ్చి లేగదూడను ఎత్తుకుపోయిందన్న వార్త ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. గొర్రెల మంద వెంట కుక్క లేకుండా గొల్లకురుమలు పొద్దూకాక బయట ఉండలేరు. మగవాళ్లు దుబాయికో మస్కటుకో పోయిన ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు మిగులుతారు. ఆ ఇంటికి రాత్రి తలుపు గొళ్లెం ఎంతో వాకిట్లో కుక్క అంత. దానికి పెట్టేది సద్దన్నం, గంజి, మిగిలిన రొట్టె. దాన్ని పేరు పెట్టి పిలుస్తారు, అది తినకపోతే ఇంట్లో వాళ్లకూ ముద్ద దిగదు. పని చేసే ప్రాణి, ప్రేమగా పెంచుకునే ప్రాణి అని రెండుగా విడదీయడం ఈ ఊళ్లలో కుదరదు. విలాసం అన్న మాట అసలే అతకదు.

అటువంటి ఇంట్లో రోగం ఎలా అడుగుపెడుతుందో చూడండి. రెండు మూడు నెలల కుక్కపిల్ల ఒక పొద్దున తిండి ముట్టదు. మధ్యాహ్నానికి తెల్లటి నురగ కక్కుతుంది. మర్నాటికి నెత్తురు విరేచనాలు, ఇల్లంతా భరించలేని కంపు. అది పార్వో వైరస్. వైరస్‌ను చంపే మందు అంటూ ఏదీ చేతికందేలా లేదు. ఒంట్లో నీళ్లు ఆరిపోకుండా సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, పిల్ల తనంతట తాను తేరుకునేదాకా నిలబెట్టాలి. సెలైన్ సీసాను వేపకొమ్మకు కట్టి, ముందుకాలి నరానికి గుచ్చిన సూది కదలకుండా ఇంట్లో ఒకరు గంటల తరబడి పట్టుకు కూర్చోవాలి. ఇలా మూడు నుంచి ఐదు రోజులు. సర్కారు పశువుల దవాఖానలో డాక్టరు చూడటానికి పైసా అక్కర్లేదు. కానీ అక్కడ లేని మందు చీటీ మీద బయట కొనాలి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఒక పూట మందులే ఆ కూలిని దాటిపోవడం మామూలు, పైగా కుక్కపిల్ల పక్కన కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి లేదు. రక్తపరీక్షలు, స్కానింగు దాకా వెళ్తే ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, అక్కడి నుంచి 110 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న హైదరాబాదుకు బండి కట్టించుకోవాలి. చాలా కుటుంబాలు రెండో రోజే చేతులెత్తేస్తాయి. అలా ఎత్తేసినవాళ్లకు దయ లేదనడం అన్యాయం. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి కొన్ని వారాల ఎడంతో రెండు మూడు సూదులు వేయిస్తే ఆ రోగం దాదాపుగా దరిచేరదు. ఇంట్లో పైసలు లేనప్పుడు ముందుగా వాయిదా పడేది సరిగ్గా ఆ ఖర్చే. రోగం ఇంకా రాలేదు కాబట్టి అది ఖర్చులా కనబడదు.

చట్టం ఏమంటుంది? 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకాలు, సంతానం కలగకుండా ఆపరేషన్, ఈ మూడింటి బాధ్యతనూ యజమాని మీదే పెట్టాయి. వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది. వినడానికి పంపకం సవ్యంగానే ఉంది. కానీ పెంపుడు కుక్కకూ వీధికుక్కకూ మధ్య గీత ఎక్కడుంది? మన ఊళ్లలో ఆ గీత యజమాని జేబులో ఉంది. చేతిలో డబ్బున్న ఏడాది అది ఇంటి కుక్క. పత్తి దెబ్బతిన్న ఏడాది, గల్ఫ్ నుంచి పైసలు ఆగిన ఏడాది తాడు విప్పేస్తారు. సగం తిండి ఇంట్లో, సగం వీధిలో. ఆడకుక్క 63 రోజులు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఆపరేషన్‌కు డబ్బు లేని ఇల్లు ఆ పిల్లల్ని గోనెసంచిలో వేసి అంగడి దగ్గరో, హోటళ్లు ఉన్న రోడ్డు పక్కనో వదిలేస్తుంది. పెంచిన జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ జరిమానా పెంచాలన్న డిమాండు న్యాయమైనదే. అయినా ఆపరేషన్‌కు పైసలు లేని ఇంటికి 50 కాదు 5,000 జరిమానా వేసినా కుక్కపిల్లల ఈత ఆగదు, సంచి ఇంకాస్త చీకటి పడ్డాక బయటికొస్తుంది.

యజమాని చేతిలోంచి జారిన బాధ్యత ఎక్కడికి చేరుతుందో ఈ జిల్లా ఈమధ్యే చూసింది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో కుక్కలు, కోతుల బెడద తీరుస్తామన్నది రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఓట్ల హామీ అయింది. 2026 జనవరిలో కామారెడ్డి జిల్లా పాల్వంచ మండలంలోని కొన్ని ఊళ్లలో కుక్కలకు విషపు సూదులు వేసి పెద్ద సంఖ్యలో చంపారన్న ఫిర్యాదు మీద పోలీసులు కేసు పెట్టారు. నేరం ఎవరిదన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. ఆ ఊళ్ల జనం భయాన్ని కొట్టిపారేయలేం, బడికి పోయే పిల్లను కుక్క కరిస్తే ఆ తల్లి గుండె ఎంత కొట్టుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ చంపి ఖాళీ చేసిన చోటికి పక్కఊరి కుక్కలు వస్తాయి, టీకా లేనివి వస్తాయి. పది ఇళ్ల కుక్కలకు సకాలంలో ఆపరేషన్ చేయించి ఉంటే పుట్టని కుక్కల కోసం పంచాయతీ విషం దాకా వెళ్లాల్సిన అవసరమే వచ్చేది కాదు.

పిచ్చికుక్క కాటు దగ్గర ఈ లెక్క ఇంకా కఠోరంగా కనబడుతుంది. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. సర్కారు దవాఖానలో సూది ఉచితం. మొదటి రోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, ఇలా నాలుగుసార్లు వెళ్లాలి. తండాలో కూలి చేసుకునే మనిషికి నాలుగు రోజుల కూలి అంటే ఆ 307 లెక్కన 1,228 రూపాయలు, బస్సు ఖర్చు వేరే. చిన్నపిల్లను కరిస్తే తోడు వెళ్లే అమ్మానాన్నల్లో ఒకరి పని పోతుంది. కరిచింది మనిషిని కాకుండా బర్రెను అయితే? రేబిస్ లక్షణాలు కనబడిన బర్రెను ఏ డాక్టరూ బతికించలేడు. కొట్టం ఖాళీ అవుతుంది, పాల డబ్బు ఆగుతుంది. ఆ బర్రె పాలు తాగిన వాడకట్టు మొత్తం భయంతో దవాఖాన ముందు వరుస కడుతుంది. కాచిన పాలతో ప్రమాదం లేదని డాక్టర్లు చెప్పినా నమ్మి ఇంటికి పోయే ధైర్యం అందరికీ ఉండదు. ఇవన్నీ ఒక్క కుక్కకు ఏడాదికోసారి వేయాల్సిన ఒక్క సూది పడకపోవడం వల్ల. ఆ సూదికి అయ్యే ఖర్చు ఇంటిదని రాసుకున్నాం, అది వేయనందుకు అయ్యే ఖర్చును మాత్రం ఊరంతా మోస్తోంది.

మనుషులకే సరైన వైద్యం లేని చోట కుక్కలకు ఖర్చేమిటని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో బాధ ఉంది, దాన్ని గౌరవించాలి. ప్రసవానికి ఎల్లారెడ్డి నుంచి దూరం పోవాల్సి వచ్చిన ఇంటి ముందు ఈ వాదన చేయడం సులువు కాదు. అయితే గోవా అనుభవాన్ని చూద్దాం. అక్కడి ప్రభుత్వం మిషన్ రేబిస్ అనే సంస్థతో కలిసి ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేసింది. ఆ సంఖ్య ఏటా దాదాపు 95 వేలకు చేరింది. కుక్కల్లో రేబిస్ 92 శాతం తగ్గింది, 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ప్రాణం దక్కింది ముందుగా మనుషులకే. మనిషి వైద్యం బడ్జెట్లోంచి లాక్కుని కుక్కకు పెట్టారనడానికి వీల్లేదు, మనిషిని కరిచే దాకా రాకముందే రోగాన్ని కుక్క దగ్గరే ఆపారు. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వైరస్ గొలుసు తెగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతున్న లెక్క. కొనగలిగినవాళ్లు మాత్రమే వేయించుకునే చోట ఆ 70 శాతం ఎప్పటికీ రాదు.

స్తోమత లేనివాళ్లు పెంచుకోవడం ఎందుకన్న మాట ఇంకా తరచుగా వినబడుతుంది. పెంచడం మొదలుపెట్టిన రోజున స్తోమత ఉండి, తర్వాత పోయినవాళ్ల సంగతేమిటి? కుక్క పన్నెండేళ్లు బతుకుతుంది, ఒక కుటుంబం రాబడి పన్నెండేళ్లూ ఒకేలా ఉంటుందని ఈ జిల్లాలో ఎవరూ హామీ ఇవ్వలేరు. కరోనా కాలంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఈ ప్రశ్నకు నూరేళ్ల కిందటే ఒక జవాబు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1917లో లండన్ తూర్పు భాగంలోని వైట్‌చాపెల్ పేదవాడలో మరియా డికిన్ అనే ఆమె ఒక నేలమాళిగలో పేదల జంతువులకు ఉచిత వైద్యశాల తెరిచింది. బండి లాగే గాడిద దగ్గర నుంచి పిల్లల పిల్లి దాకా అన్నిటినీ అక్కడికి తెచ్చారు. పీడీఎస్ఏ అన్న పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. యుద్ధంలో తిండికి కటకటలాడే దేశంలో అది అనవసరమని జనం అనుకోలేదు, వచ్చిన గుంపులే అందుకు సాక్ష్యం. పేదవాడు జంతువును ప్రేమించడం నేరమని తేల్చే సమాజం కన్నా అతని చేతికి ఒక సీసా మందు అందించే సమాజమే నాకు ఎక్కువ లెక్క తెలిసినదిగా కనబడుతుంది.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను సగం ఒప్పుకుంటాను. వేలు పోసి జాతికుక్కను కొన్నవాళ్లకు ప్రజల డబ్బుతో వైద్యం చేయాలా? అక్కర్లేదు. తుంటి ఎముక ఆపరేషన్, చర్మానికి ఖరీదైన షాంపూ, ప్యాకెట్ తిండి ఉచితం కావాలని ఎవరూ అడగరు. పశువుల దాణాకు జీఎస్టీ లేదు, కుక్కల ప్యాకెట్ తిండికి 18 శాతం ఉంది, అది తగ్గితే మంచిదే కానీ మన గంజి కుక్కకు దానితో పని లేదు. అడగాల్సింది మూడే మూడు. రేబిస్ టీకా, నట్టల మందు, సంతానం కలగకుండా ఆపరేషన్. ఇవి ఎవరి కుక్కకు చేసినా లాభం ఊరందరిదీ. మిగతా వైద్యానికి మందుల ధర తగ్గితే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. 2025 మార్చిలో కేంద్రం పశు ఔషధి పేరుతో చవక జెనెరిక్ పశుమందులకు 75 కోట్ల రూపాయలు కేటాయించింది, వాటిని సహకార సంఘాలు, పీఎం కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా అమ్మాలన్నది ఉద్దేశం. ఎరువుల బస్తా కోసం రైతు వెళ్లే చోటే వాంతులు ఆపే సూదిమందు, పిడుదుల మందు కూడా దొరికితే ఒక కుక్కపిల్ల బతకడానికి అది చాలా పెద్ద తేడా.

చేసేవాళ్లేరీ అన్నది చివరి ప్రశ్న. ఆపరేషన్‌కు శిక్షణ పొందిన డాక్టర్లు, గది, తర్వాత నాలుగు రోజులు ఉంచుకునే చోటు కావాలి. అది జిల్లా స్థాయిలో డబ్బు పెట్టి చేయాల్సిన పని, తేలిక కాదు. టీకా సంగతి అలా కాదు. 2017లోనే, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనాలను తెలంగాణలో గ్రామీణ నియోజకవర్గానికి ఒకటి చొప్పున పెట్టారు. ఏటా జూలై 6న, 1885లో పాశ్చర్ తొలిసారి రేబిస్ టీకా వేసిన రోజు గుర్తుగా, సర్కారు పశువుల దవాఖానల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా సూది వేస్తారు. కట్టుతాడుకు అలవాటు లేని కుక్కను ఆటో ఎక్కించి మండల కేంద్రానికి తీసుకెళ్లడం ఒక పూట పని, అందుకే తండాల నుంచి వచ్చేవి తక్కువ. కానీ ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా కోసం పశుసంవర్ధక శాఖ బృందాలు ఊరూరా, ఇంటింటికీ ఎలాగూ తిరుగుతాయి. చలువ పెట్టె భుజాన వేసుకుని కొట్టంలోకి వచ్చి, బర్రె చెవికి ఉన్న పన్నెండంకెల బిళ్ల చూసి, సూది వేసి, రాసుకుని పోతాయి. ఆ కొట్టం గుంజకే కుక్క కట్టేసి ఉంటుంది. దాన్ని పట్టుకునే మనిషి, అది కరవని ఒకే ఒక్క మనిషి, పక్కనే నిలబడి ఉంటుంది. గాలికుంటు టీకాను ఉంచాల్సింది 2 నుంచి 8 డిగ్రీల చలువలో, కుక్కల రేబిస్ టీకాకూ అంతే. ఈ రెండు టీకాలనూ తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో పెట్టిన సంస్థ, హైదరాబాదులోనే ఉంది. గాంధారి తండాకు వచ్చే ఆ పెట్టెలో ఇంకో సీసాకు చోటుంది.