ఒక్కడు తోడుంటే చాలు

‘అందరూ చేస్తున్నారు’ అనగానే ఏడో తరగతి పిల్లాడు ఎందుకు లొంగిపోతాడు? ‘నాకొద్దు’ అనే ధైర్యాన్ని బడిలో నేర్పడం ఎలా? మదనపల్లె నుంచి కుప్పం దాకా, మన నేలమీదే దారులున్నాయి.

“ఒక్కసారికి ఏం కాదు మామా!” బడి వదిలాక పుంగనూరు బస్టాండు దగ్గరైనా, మదనపల్లె సందుల్లోనైనా పిల్లల చెవిన పడే మాటే ఇది. చేతిలో పెట్టేది గుట్కా పొట్లం కావచ్చు, బైకు తాళం కావచ్చు. ఒక్కోసారి తోటి అమ్మాయికి పేరు పెట్టి ఏడిపించమని ఉసిగొల్పడం కావచ్చు. అడిగేవాడు పగవాడు కాదు, పక్క బెంచీ స్నేహితుడు. చిక్కంతా అక్కడే ఉంది. 2019లో దేశమంతటా జరిగిన సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది.

పిల్లలకు మంచిచెడ్డలు తెలియక కాదు. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో 13–16 ఏళ్ల పిల్లలతో కంప్యూటర్‌పై కారు నడిపే ఆట ఆడించారు. పక్కన స్నేహితులుంటే వాళ్ల దుడుకు బాగా పెరిగింది. పెద్దల్లో ఆ తేడా కనిపించలేదు. అందుకే ‘చెడు స్నేహాలు మానండి’ అన్న ప్రసంగం ఆ వయసుకు చాలదు. సాధన కావాలి.

బోర్డు మీద నాలుగు గీతలు

సోలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త 1951లో వెల్లడించిన ప్రయోగాన్ని మన తరగతి గదిలోనే చేయొచ్చు. మాస్టారు బోర్డు మీద ఒక గీత గీస్తారు. పక్కన పొడవులో తేడా ఉన్న మూడు గీతలు గీసి, మొదటిదానికి ఏది సమానమని అడుగుతారు. ఏడుగురికి తప్పు జవాబు చెప్పమని ముందే చెప్పి ఉంచుతారు. ఎనిమిదో పిల్లాడి వంతు వచ్చేసరికి వాడి చూపు బోర్డును వదిలి పక్కవాళ్ల ముఖాల మీదికి పోతుంది. యాష్ ప్రయోగంలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపుతోపాటు తప్పు చెప్పారు. అయితే గుంపులో ఒక్కడు నిజం పలికితే చాలు, ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి.

ఆట ముగియగానే అసలు సంగతి చెప్పేయాలి. ఎవరినీ నవ్వులపాలు చేయకూడదు. ‘నువ్వు నిజం చెబితే పక్కవాడికీ ధైర్యం వస్తుంది’ అన్నదే ఆ రోజు పాఠం.

ఇంట్లో మొదలయ్యే ఒత్తిడి

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, పోలిక, పోటీ పిల్లల్లో భయాన్ని పెంచుతాయని జీవితాంతం చెప్పారు. ఆ ఆలోచనల నీడలోనే అక్కడికి దగ్గర్లో రిషివ్యాలీ పాఠశాల పెరిగింది. మన ఇళ్లలో మాత్రం ‘ఎదురింటి పిల్లాణ్ని చూసి నేర్చుకో’ అన్న మాట ఆగదు. పక్కవాడితో తూచుకోవడం మనమే నేర్పి, వీధిలో పక్కవాణ్ని చూసి చెడిపోయాడని మన పిల్లాణ్నే తిడితే ఎలా?

పిల్లలకు పిల్లలే గురువులు

తోటివాళ్ల ప్రభావం మంచికీ పనికొస్తుంది. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ఆ సంస్థ కార్యక్రమాల్లో బడి పిల్లలే తోటి పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసి చూపిస్తారు. మాస్టారు చెబితే వినని చెవి కూడా పై తరగతి అన్న చెబితే వింటుంది. పొగాకు, వేధింపుల గురించి చెప్పడానికీ ఇదే పద్ధతి వాడాలి. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లకు ఇలాంటి బాధ్యతే ఇచ్చింది. వాళ్లకు టైంటేబుల్‌లో ఒక గంట ఇవ్వాలి.

ఆ గంటలో పిల్లలతో మాటలు పలికించాలి. “నాకొద్దు మామా, నేను పోతాండా.” “మా నాయన ఒప్పుకోడు.” ఇవి నోటికి అలవాటైతేనే అవసరానికి వస్తాయి. తండ్రులు కూడా ‘నెపం నా మీద వేసెయ్ నాయనా’ అని బిడ్డకు ముందే చెప్పి ఉంచాలి.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. మీ బడి గేటు దగ్గర అమ్ముతుంటే అధికారులకు ఫిర్యాదు చేయండి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి, మనసు కుంగితే 14416కి ఫోన్ చేయొచ్చని వాళ్లకు చెప్పండి. ఉపాధ్యాయులారా, ఈ వారం ఒక్క పీరియడ్ ఇందుకు కేటాయించండి. నిజం చెప్పే మొదటి పిల్లాడు మీ తరగతి నుంచే రావాలి.