పాత డాస్ గేమ్స్ ఫ్రెండ్స్‌తో ఆడాలా? డాస్‌బాక్స్‌లో మల్టీప్లేయర్ సెటప్ ఇలా

నా రూమ్ కొత్తపేటలో. విక్టోరియా మెమోరియల్ దగ్గర మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎల్బీ నగర్, ఫ్రెండ్ హాస్టల్ అక్కడే. ఆదివారం వాడు ల్యాప్‌టాప్ పట్టుకొస్తే ఇద్దరం 1993 నాటి డూమ్ ఆడతాం. వచ్చే నెల కోచింగ్ అయిపోయి వాడు ఊరెళ్లిపోతున్నాడు. ఆట మాత్రం ఆగకూడదని కూర్చుని సెటప్ చేశాం. మీకూ పనికొస్తుంది.

అసలు సమస్య ఏంటి?

అప్పటి డాస్ గేమ్స్ చాలావరకు ఐపీఎక్స్ అనే నెట్‌వర్క్ భాషలో మాట్లాడతాయి. ఇప్పటి వైఫై, ఇంటర్నెట్ నడిచేది ఐపీ మీద. విండోస్ కూడా విస్టా నుంచి ఐపీఎక్స్‌ను తీసేసింది. డాస్‌బాక్స్ చేసే పని సింపుల్: గేమ్ పంపే ఐపీఎక్స్ ప్యాకెట్‌ను యూడీపీ ప్యాకెట్‌లో చుట్టి అవతలికి పంపిస్తుంది. గేమ్‌కి ఈ సంగతే తెలియదు.

ఒకే రూమ్‌లో ఉంటే

1. ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ గేమ్ ఉండాలి. డూమ్ షేర్‌వేర్ 1.9 ఫ్రీ, మల్టీప్లేయర్ కూడా పనిచేస్తుంది.

2. డాస్‌బాక్స్ ఆప్షన్స్ ఫైల్‌లో ఐపీఎక్స్ విభాగం దగ్గర ఫాల్స్ అని ఉంటుంది. దాన్ని ట్రూ చేసి సేవ్ చేయండి. ఇది ఇద్దరూ చేయాలి.

3. హోస్ట్ చేసేవాళ్లు డాస్‌బాక్స్‌లో ‘ఐపీఎక్స్‌నెట్ స్టార్ట్‌సర్వర్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. రెండోవాళ్లు ‘ఐపీఎక్స్‌నెట్ కనెక్ట్’ అని కొట్టి, పక్కన హోస్ట్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి.

4. గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఇద్దరూ ‘ఐపీఎక్స్‌సెటప్ -నోడ్స్ 2’ రన్ చేయండి. ఇలా అయితే ఇద్దరూ ఒకే జట్టు. ఒకరినొకరు కాల్చుకోవాలంటే చివర ‘-డెత్‌మ్యాచ్’ చేర్చండి.

కనెక్ట్ కాకపోతే ముందు హోస్ట్ ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ చూడండి. డాస్‌బాక్స్‌కి పర్మిషన్ ఇవ్వాలి, డిఫాల్ట్‌గా వాడేది యూడీపీ పోర్ట్ 213.

హాస్టల్ వైఫైతో జాగ్రత్త

అన్నీ కరెక్ట్‌గా చేసినా మాకు మొదట కనెక్ట్ కాలేదు. చాలా హాస్టల్ వైఫైలలో ఒక డివైస్ ఇంకో డివైస్‌ని చూడకుండా ఆపేస్తారు. నెట్ వస్తుంది, గేమ్ కలవదు. దీనికి మందు మీ జేబులోనే ఉంది: ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండు ల్యాప్‌టాప్‌లూ దానికే కలపండి. గేమ్ ప్యాకెట్లు ఫోన్ దాటి బయటికి వెళ్లవు కాబట్టి ఆటకి డేటా కూడా ఖర్చవదు.

వేరే ఊళ్లో ఉంటే

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా పనిచేయదు. కారణం సీజీనాట్: మొబైల్ డేటాలోనూ, చాలా బ్రాడ్‌బ్యాండ్‌లలోనూ ఎంతోమంది కస్టమర్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు. దాంతో బయటి నుంచి మీ ల్యాప్‌టాప్‌కి నేరుగా దారి ఉండదు. రౌటర్ పేజీలో కనిపించే వ్యాన్ ఐపీ, ‘నా ఐపీ ఏంటి’ అని చూపించే సైట్‌లో వచ్చే ఐపీ వేరువేరుగా ఉంటే మీదీ ఇదే కేసు.

పరిష్కారం: టెయిల్‌స్కేల్ లేదా జీరోటైర్. ఇద్దరూ ఇన్‌స్టాల్ చేసి ఒకే నెట్‌వర్క్‌లో చేరండి. ప్రతి ల్యాప్‌టాప్‌కీ ఒక ప్రైవేట్ ఐపీ వస్తుంది. 3వ స్టెప్‌లో ఆ ఐపీ ఇవ్వండి, మిగతాదంతా సేమ్.

స్పీడ్ మాటేంటి?

ఎంబీపీఎస్ కాదు, పింగ్ చూడండి. డూమ్ సెకనుకి 35 సార్లు లెక్క వేస్తుంది, అంటే దాదాపు 28 మిల్లీసెకన్లకు ఒకసారి. ప్రతిసారీ అందరి కీస్ అందేదాకా ఆగుతుంది. ఒక్కరి నెట్ స్లో అయితే అందరి ఆటా స్లో అవుతుంది. ‘ఐపీఎక్స్‌నెట్ పింగ్’ కొడితే ఎంత ఆలస్యమో తెలుస్తుంది. వీలైతే ల్యాన్ కేబుల్ వాడండి.

మేమైతే వాడు ఊరెళ్లకముందే ఎవరి రూమ్‌లో వాళ్లం కూర్చుని టెస్ట్ చేసేశాం. మీరూ అంతే చేయండి. ఏదైనా తేడా వస్తే ఒక మెట్రో స్టేషన్ దూరంలో ఉన్నప్పుడే సరిచేసుకోవడం ఈజీ.