చిన్న పెట్టెలో పెద్ద తీగ

మా చేను ఇంటికి అర కిలోమీటరు. మోటారు వేశాక నీరు చివరి మడికి చేరిందో లేదో చూడ్డానికి చీకట్లో మా నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని వెళ్తాడు. పాములు తిరిగే గట్టు అది. ఆ కబురేదో రేడియో తరంగాలే ఇంటికి తెచ్చేలా నిరుడు సెలవుల్లో ఒక చిన్న పరికరం చేశాను. అన్నీ కుదిరాయిగాని ఏంటెన్నా దగ్గర చిక్కొచ్చింది.

పరికరం పనిచేసేది 866 మెగాహెర్ట్జ్ దగ్గర. తరంగదైర్ఘ్యం సుమారు 34.6 సెంటీమీటర్లు. నిలువు తీగకు అందులో నాలుగోవంతు, అంటే 8.6 కావాలి. పెట్టెలో పట్టేది 7. తీగ బయటికి వదిలితే గేదెలు రెండుసార్లు విరిచేశాయి!

మా లెక్చరరుగారు కోచ్ వక్రరేఖ సంగతి చెప్పారు. 1904లో స్వీడన్ గణితవేత్త ఫాన్ కోచ్ వర్ణించినది. ఒక గీతను మూడు సమభాగాలు చేసి, మధ్య భాగం తీసేసి, అక్కడ అంతే పొడవున్న రెండు గీతల్ని గుడిసె కప్పులా నిలపండి. మూడు భాగాలు నాలుగయ్యాయి. కొసలు మాత్రం కదల్లేదు. ఆ నాలుగింటికీ మళ్లీ అదే పని. ఇలా ముక్కలో మొత్తం రూపు కనిపించే ఆకారాలకు మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు. 1988లో బోస్టన్‌లో నాథన్ కోహెన్ అనే ఆయన, ఇంటి యజమాని బయట ఏంటెన్నా కట్టనివ్వకపోతే, తీగను ఈ తరహాలో వంచి చూశాడట. పనిచేసింది.

నేనూ పటకారుతో రాగితీగను రెండు దఫాలు వంచాను. 7 సెంటీమీటర్లలో 12.4 తీగ పట్టింది. కావలసింది 8.6 కదా, బోలెడు మిగులనుకున్నాను. లాబొరేటరీలో కొలిస్తే మిగులేమీ లేదు. తీగ పొడవు పెరిగినంతగా అనునాద పౌనఃపున్యం దిగదు. పక్కపక్క వంపుల్లో విద్యుత్తు వేర్వేరు దిక్కులకు పోతుంది గనుక ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొంత తినేస్తుంది. పైగా మామూలు వంకరటింకర తీగ కూడా అదే ఎత్తులో ఇంతపనీ చేస్తుందని 2002 ప్రాంతంలో స్టీవెన్ బెస్ట్ చూపించాడు. అది చదివి కొంచెం నీరుగారిపోయాను.

నాన్నకు చెబితే, “గట్టు వంకర్లు తిప్పితే చేను పెరుగుద్దా ఏంట్రా?” అన్నాడు.

1947లో వీలర్, 1948లో చూ లెక్కలు కట్టి తేల్చింది దాదాపు ఇదే! ఏంటెన్నా ఆక్రమించిన చోటు తగ్గేకొద్దీ అది పనిచేసే పౌనఃపున్యాల పట్టీ ఇరుకవుతుంది. పట్టీ వెడల్పు కావాలంటే శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకోవాలి. వంపు ఎంత అందంగా ఉన్నా ఈ హద్దు దాటదు. ఫ్రాక్టల్ చేసేదల్లా ఉన్నచోటును బాగా వాడుకోవడం.

మా పెట్టెకు అంతే చాలు. గట్టుమీద పెడితే కబురు మోటారు కొట్టందాకా వచ్చి ఆగిపోయింది. వెదురుబొంగు కొసకు కట్టాక ఇంటిదాకా వస్తోంది. మా నాన్న మాత్రం ఇంకా వెళ్లి ఒకసారి చూసొస్తాడు.