వైన్ సీసాల అమరిక: వెలుతురుతోనే అసలు చిక్కు

ఇంట్లోనైనా, హోటల్‌లోనైనా వైన్ సీసాలను అందంగా అమర్చదలచినవారి చూపు ముందుగా వెలుతురు బాగా పడే కిటికీ వైపే పోతుంది. వైన్‌కు అంతకు మించిన చేటు మరొకటి లేదు. అందులోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్ కాంతికి చర్య జరిపి, ఉడికిన క్యాబేజీని తలపించే గంధకపు వాసనకు కారణమవుతుంది. రంగులేని గాజు సీసాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. రష్యా జార్ రెండో అలెగ్జాండర్ కోసం 1876లో ఫ్రాన్స్‌లో రూపొందిన ‘క్రిస్టల్’ షాంపేన్ నేటికీ పారదర్శకమైన సీసాలోనే వస్తోంది. కాకపోతే కాంతిని అడ్డుకునే పసుపు రంగు సెల్లోఫేన్ చుట్టి మరీ అమ్ముతారు.

వేడి మరో శత్రువు. నిల్వకు 12-14 డిగ్రీల సెల్సియస్ అనువైనది. మన వేసవిలో గది ఉష్ణోగ్రత అందుకు రెట్టింపు దాటుతుంది. ఫ్రిజ్ మీద, పొయ్యి పక్కన అలంకరణ అందుకే తగదు. కార్క్ బిరడా ఉన్న సీసాలను పడుకోబెట్టాలి. లేకుంటే కాలక్రమంలో బిరడా ఎండి గాలి చొరబడుతుంది. నాసిక్ వైన్లలో తరచుగా కనిపించే మరమూతలకు ఈ నియమం లేదు, నిలబెట్టవచ్చు.

కిటికీ వద్ద ఖాళీ సీసాలే మేలు. నిండు సీసాలకు ఎండ సోకని లోపలి గోడ, అతిథులున్నంతసేపు వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం చాలు. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చన్నది ఆయా రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలను బట్టి మారుతుంది కనుక, అర చేయించే ముందే ఆ పరిమితిని తెలుసుకోవాలి.