సుత్తి వేలు: పేరు దాటిన నటన

తెలుగు సినిమా సహాయ నటుల్లో కొందరికి చిత్రం పేరో, అందులోని ఒక మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్ ఇందుకు ఉదాహరణలు. ఈ కోవకే చెందిన సుత్తి వేలు (1947–2012) అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. కృష్ణా జిల్లాలో జన్మించి, నాటకరంగంలో అనుభవం గడించిన ఆయనకు జంధ్యాల ‘ముద్దమందారం’ (1981) చిత్రరంగ ప్రవేశం కల్పించింది.

‘సుత్తి’ ఒక పనిముట్టు. వ్యవహారంలో అది విసుగు పుట్టించే మాటల ధోరణి. ‘నాలుగు స్తంభాలాట’ (1982)లో జంధ్యాల ఈ రెండో అర్థాన్నే హాస్యానికి ఆధారం చేసుకున్నారు. ఆ చిత్రంతో వీరభద్రరావుకు, వేలుకు ‘సుత్తి’ ఇంటిపేరైంది. గుర్తింపునిచ్చిన ఆ పేరే వేలును కేవలం హాస్యనటుడిగా చూసే అలవాటునూ కలిగించింది.

ఆ అంచనా అసమగ్రమని టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985) నిరూపిస్తుంది. అందులో వేలు మతి చలించిన మాజీ కానిస్టేబుల్. ఆ పాత్ర మాటలకు ప్రేక్షకుడు ముందు నవ్వుతాడు. ఆ స్థితికి కారణం తెలిశాక నవ్వలేడు. హాస్యనటుడిగా వేలు సాధించిన ఉచ్చారణ, విరామ నియమమే ఇక్కడ విషాదానికి సాధనమైంది. హిందీ ‘ప్రతిఘాత్’ (1987)లో ఈ పాత్రను నానా పాటేకర్ పోషించడం దాని బరువును సూచిస్తుంది.

అనంతరం టెలివిజన్ ధారావాహికల్లోనూ నటించిన వేలును పేరునుబట్టి కాక, పాత్రలనుబట్టి అంచనా వేయాలి. సహాయ నటుల అధ్యయనానికంతటికీ ఇదే వర్తిస్తుంది.