మీకు తెలుసా? కంటపడకుండా పైకి పోయే నీటి లెక్క

వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో మర్నాడు పేపర్లో చూసుకుంటాం. అదే నీరు చెరువులోంచి, పొలంలోంచి, ఆకుల్లోంచి తిరిగి పైకి పోతుంటే మాత్రం పట్టించుకోం. వేసవి వస్తే బిందెడు నీళ్లకు కటకటలాడే ఊళ్లు ఇన్ని ఉన్న మనకు ఆ లెక్క కూడా తెలిసి తీరాలి.

1. ఆకాశంలో ఉన్నది అంగుళం నీరే
భూమి చుట్టూ గాలిలో ఉన్న ఆవిరీ, మబ్బులూ మొత్తం ఒకేసారి కురిసి అంతటా సమానంగా పరుచుకుంటే లోతు సుమారు 25 మిల్లీమీటర్లే. కానీ ప్రపంచ సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్లు. ఆవిరి సగటున 9, 10 రోజుల్లోనే వానగా దిగిపోతుంది, కొత్త ఆవిరి ఆ చోటు నింపుతుంది. ఏడాదికి దాదాపు 40 సార్లు ఇదే వరస.

2. తడిగాలి పొడిగాలి కంటే తేలిక
నీటి అణుభారం 18. గాలిలో ఎక్కువగా ఉండే నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. ఆవిరి చేరిన కొద్దీ గాలి బరువు తగ్గుతుంది. వేడి, పీడనం ఒకేలా ఉంటే ఆవిరి ఎక్కువున్న గాలే తేలిగ్గా పైకి లేస్తుంది.

3. తుఫానుకు బలం ఆవిరిలోనే ఉంది
30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిని మరిగే దాకా కాచడానికి పట్టే వేడి కంటే, అదే నీరు మరగకుండానే ఆవిరై పోవడానికి సుమారు 8 రెట్లు ఎక్కువ వేడి కావాలి. ఆవిరి మళ్లీ మబ్బుగా మారేటప్పుడు ఆ వేడంతా బయటికి వస్తుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు బలం పుంజుకునేది దీనితోనే. తీరం దాటాక సముద్రపు ఆవిరి అందక అవి నీరసపడతాయి.

4. వేరు తాగిన నీరు ఆకులోంచి పోతుంది
మొక్క వేళ్లు పీల్చుకునే నీటిలో నూటికి 97 పాళ్లకు పైగా ఆకుల కింద ఉండే సన్నని రంధ్రాల గుండా గాలిలో కలుస్తుంది. ప్రపంచం మొత్తం మీద నేలపై కురిసిన వానలో మూడింట రెండొంతుల దాకా నేల నుంచీ, మొక్కల నుంచీ తిరిగి ఆకాశానికే చేరుతుంది. నదుల్లో పారేది, భూమిలోకి ఇంకేది ఆ మిగిలిన భాగమే.

5. తోకచుక్క హాలీయే ఆవిరినీ తూచాడు
ఉప్పునీటి పళ్లేన్ని నడివేసవి గాలికుండే వేడికి కాచి, తక్కెడలో తూచి, ఎంత తగ్గిందో చూశాడు తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హాలీ. ఆ లెక్కన మధ్యధరా సముద్రం నుంచి రోజుకు 528 కోట్ల టన్నుల నీరు ఆవిరవుతుందని 1687లో ప్రకటించాడు. ఇన్ని నదులు వచ్చి కలుస్తున్నా సముద్రం ఎందుకు పొంగదన్న పాత ప్రశ్నకు అంకెలతో దొరికిన జవాబు అది.

6. ఆవిరిని కొలిచే పళ్లెం మన దగ్గరా ఉంది
వాతావరణ కేంద్రాల్లో సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న పళ్లెం ఒకటి చెక్క దిమ్మె మీద ఉంటుంది. పక్షులూ పశువులూ తాగకుండా పైన వల కప్పుతారు. రోజూ ఉదయం, నీటిమట్టం లోపలి సూదిమొనను తాకేదాకా కొలిచి నీళ్లు పోస్తారు. వాన లేని రోజు ఎంత పోశారో అంతే ఆవిరైనట్టు. పళ్లెం త్వరగా వేడెక్కుతుంది కాబట్టి చెరువుకు అందులో సుమారు 70 శాతం లెక్క వేస్తారు. పళ్లెంలో 10 మిల్లీమీటర్లు తగ్గితే ఎకరం చెరువులో ఆ ఒక్కరోజే 28 వేల లీటర్లు పోయినట్టు.

7. శ్రీశైలంలో ఆవిరి వాటా 33 టీఎంసీలు
కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపుల్లో శ్రీశైలం జలాశయం ఆవిరి నష్టానికే ఏడాదికి 33 టీఎంసీలు ఉన్నాయి. చెన్నై తాగునీటికి అప్పటి మూడు కృష్ణా పరీవాహక రాష్ట్రాలు కలిసి ఇవ్వడానికి ఒప్పుకున్నది 15 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు.

8. నీటి మీద నీడ వేస్తే నీరు మిగులుతుంది
రామగుండం ఎన్టీపీసీ జలాశయంలో 500 ఎకరాల్లో తేలే సౌర పలకలు 2022 నుంచి 100 మెగావాట్ల కరెంటు ఇస్తున్నాయి. వాటి నీడ వల్ల ఏడాదికి సుమారు 325 కోట్ల లీటర్ల నీరు ఆవిరి కాకుండా నిలుస్తుందని అంచనా. పలకలు పెట్టలేని ఊరి చెరువుకు పూడికతీత ఉండనే ఉంది. ఎండకు ఆవిరయ్యేది పైనున్న నీరే కాబట్టి, అవే నీళ్లు పలచగా పరుచుకున్న చెరువులో కంటే లోతైన చెరువులో ఎక్కువ కాలం ఉంటాయి. వానాకాలానికి ముందే ఆ పని చేసుకున్న ఊరికి ఫలితం మళ్లీ వేసవిలో చెరువు దగ్గరే కనబడుతుంది.