ఆరు వేల జతల గజ్జెలు... వినిపించని భామ మాట

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 2016 డిసెంబరు 25న 6,117 మంది ఒక్కసారిగా కూచిపూడి అడుగు వేశారు. అంతకు ఆరేళ్ల ముందు, 2010 డిసెంబరు 26న హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో 2,850 మంది హిందోళ రాగ తిల్లానాకు ఆడారు. రెండు ప్రదర్శనలూ గిన్నిస్ పుస్తకానికి ఎక్కాయి. మొవ్వ పక్కనున్న చిన్న అగ్రహారపు ఆట ఇంతింత మైదానాలను నింపుతుందని పాతతరం భాగవతులకు చెబితే నమ్మి ఉండేవారు కారు.

అయితే ఆ ఆటలో మైదానం దాకా వెళ్లిందేమిటి, ఊళ్లోనే ఉండిపోయిందేమిటి అన్నది కృష్ణాజిల్లా వారు పట్టించుకోవలసిన సంగతి.

కూచిపూడి వారిది మొదటినుంచీ నాటకం. మేళం వచ్చిందంటే గుడి ముందు పందిరి పడేది. ఇద్దరు మనుషులు తెర పట్టుకునేవారు. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచి పాత్రధారి ముఖం వెలిగేది. మద్దెల, తాళం, శ్రుతి అక్కడే, ఆటగాడి వెనుకే. భామాకలాపంలో సత్యభామ ముందుగా తన జడను తెర మీదుగా వేస్తుంది. విద్యలో తనను గెలవగల వారుంటే రమ్మని సవాలన్నమాట. ఆ తర్వాత ప్రవేశ దరువు తానే పాడాలి, తానే ఆడాలి. సూత్రధారుడే మాధవి అవుతాడు. మగని పేరు చెప్పడానికి భామ సిగ్గుపడుతుంటే మాధవి వదలదు, లేఖ తీసుకువెళ్లడానికి ముక్కెర అడుగుతుంది. జనం నవ్వేది ఆ మాటల దగ్గరే. స్త్రీ వేషాలు మగవారివే. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషం కడితే ఆడవాళ్లే తేరిపార చూసేవారట.

ఇదంతా స్టేడియంలో కుదిరే పని కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. మైదానం ఈ కొసన మృదంగం మోగితే నూరు మీటర్ల అవతల ఉన్నవారికి చేరేసరికి సెకనులో మూడోవంతు దాకా పడుతుంది. ద్రుత కాలంలో అడుగు తప్పడానికి ఆ మాత్రం చాలు. అందుకే అంత పెద్ద ఆటకు మైదానం పొడవునా మైకులుండాలి, ఎవరి ఊళ్లో వారు ఒకే లెక్కకు ముందుగా సాధన చేసి రావాలి. ఇక గ్యాలరీలో కూర్చున్నవారికి కనుబొమ కదలిక కనిపించదు. తిల్లానాలో కథ లేదు, సంభాషణ లేదు, ఉన్నవి రాగం, జతులే. గచ్చిబౌలికి దానిని ఎంచుకోవడంలో తెలివి ఉంది. వేల మంది పిల్లలు ఒక్క తాళానికి కట్టుబడటం చిన్న విషయమూ కాదు.

వీధికీ స్టేడియానికీ నడుమ ఇంకో మజిలీ ఉంది. కూచిపూడి బిడ్డే అయిన వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆడపిల్లలకు నేర్పారు, నృత్యనాటకాలను హాలు వేదికకు తగ్గట్టు దిద్దారు. పాట పక్కన కూర్చున్న గాయకులకు చేరింది. ఆట దేశదేశాలకు పాకడానికి ఆ దిద్దుబాటు ఎంతో తోడ్పడింది. చినసత్యం, సత్యనారాయణ శర్మ ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు.

ఇప్పుడు చిక్కల్లా మాట దగ్గరే. అడుగులు వేలమందికి వచ్చాయి. నోటితో పాడుతూ, వాదిస్తూ కలాపం నడిపించగలవారు అంత సులువుగా దొరకరు. గొల్లకలాపం సంగతే చూడండి. గొల్లభామకూ బ్రాహ్మణుడికీ జరిగే వాదమే దానికి ప్రాణం. అందులోంచి మాట తీసేస్తే మిగిలేది చల్లకుండే.

మేళానికి స్టేడియం అక్కరలేదు. గుడి ముందు చదునైన నేల, రెండు మంచి మైకులు, తెల్లవార్లూ కూర్చునే జనం ఉంటే చాలు. తిరునాళ్లకు ఆట కుదుర్చుకునే కమిటీల వారు తాంబూలం ఇచ్చేటప్పుడే అడగవలసింది ఒకటుంది: అరగంట నృత్యం కాదు, కలాపం పూర్తిగా ఆడాలని.